పురుగులు గూడు కట్టేదాకా

మంజులత పుట్టింది ధర్మవరంలో, మగ్గం గుంట పక్కన. మెట్టింది పెనుకొండకు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళో, పట్టుపురుగుల షెడ్డు పక్కన. పెళ్ళయిన కొత్తలో ఎవరైనా "మీ ఊరికీ మా ఊరికీ ఏం తేడా కనపడిందమ్మా?" అని అడిగితే, "మా ఊళ్ళో చీరలు కట్టుకుంటారు, మీ ఊళ్ళో ఆ చీరలు ఇంకా ఆకు తింటాండాయి" అనేది. ఆ మాట ఊరంతా తిరిగి, చివరికి ఆమె మొగుడు తిరుపాల్ చెవిన పడింది. అతను మూడు రోజులు నవ్వాడు. నాలుగో రోజు నుంచి అది తన మాటేనని అందరికీ చెప్పుకున్నాడు.

తిరుపాల్ పురుగులు మేపే పద్ధతి గురించి ఆ చుట్టుపక్కల చాలా కథలు ఉన్నాయి. సగం నిజాలు. మిగతా సగం కూడా నిజాలేనని అతను ఒట్టేసేవాడు. పట్టుపురుగు పెరిగే కాలంలో నాలుగు సార్లు తిండి మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండి, పాత చర్మం వదులుతుంది. మేపేవాళ్ళు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగుకు పట్టే ఆకలి అంతా ఇంతా కాదు. ఒక ఏడు తిరుపాల్ షెడ్డులో పురుగులన్నీ ఒక్కసారి ఆకు మీద పడితే, ఆ చప్పుడుకు వాన వచ్చిందనుకొని పక్కింటి యల్లక్క మిద్దె మీద ఆరేసిన మిరపకాయలన్నీ ఎత్తి ఇంట్లో పోసుకుంది. తర్వాత బయటికి వచ్చి చూస్తే ఎండ మండిపోతోంది. "నీ పురుగుల నోళ్ళు పడిపోనూ" అని ఆమె తిట్టిన తిట్లకు పురుగులు ఒక్క క్షణం నమలడం ఆపాయని తిరుపాల్ చెప్పేవాడు.

కానీ షెడ్డు గడప దగ్గర అతనికి వేళాకోళం ఉండేది కాదు. గడప ముందు సున్నం చల్లి ఉండాలి, అందులో కాళ్ళు పెట్టి లోపలికి రావాలి. చేతులు కడుక్కోవాలి. బీడీ తాగినవాడు రాకూడదు, సెంటు పూసుకున్నవాడు రాకూడదు. తలనొప్పి మందు రాసుకొని వచ్చిన సొంత మేనమామను చెయ్యి పట్టి బయట కూర్చోబెట్టాడు. ఆ మేనమామ అలిగి రెండేళ్ళు గడప తొక్కలేదు. "మామ మల్ల వస్తాడు, పురుగు వస్తాదా?" అన్నాడు తిరుపాల్.

అతని భయానికి కారణం లేకపోలేదు. చాలా ఏళ్ళ కిందట పక్క చేలో టమోటాకు మందు కొట్టారు. గాలి ఇటు తిరిగింది. ఆ సంగతి తెలియక అతను ఆకు కోసి వేశాడు. తెల్లారేసరికి పురుగులు పచ్చగా కక్కుకొని, మెలికలు తిరిగి, గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. మంజులత వాటిని చేటలకు ఎత్తి గుంతలో పోస్తుంటే, అతను గుంత పక్కన కూర్చొని ఏడ్చాడు. అప్పటి నుంచి ఏ ఆకు మీద అనుమానం వచ్చినా ముందు గుప్పెడు పురుగుల్ని వేరే చేటలో వేసి, ఆ ఆకు వాటికి పెట్టి చూసేవాడు. అవి తిని బాగుంటేనే మిగతా వాటికి పెట్టేవాడు. అది ఆ ప్రాంతంలో మేపేవాళ్ళందరూ చేసే పనే.

అలాంటి మనిషి ఒక రోజు మాట్లాడడం మానేశాడు.

పంట బాగా వచ్చింది. హిందూపురం మార్కెట్టులో గూళ్ళకు మంచి ధర పలికింది. ఇంట్లో గొడవ లేదు, పొలంలో గొడవ లేదు. కారణం ఒకటి దొరికి ఉంటే మంజులత దాన్ని చీపురు తిరగేసి కొట్టేది. దొరకలేదు. అతను అరుగు మీద కూర్చునేవాడు, అంతే. అన్నం పెడితే రెండు ముద్దలు తినేవాడు. తెల్లవారక ముందే లేచి గోడకు ఆనుకొని కూర్చునేవాడు. మల్బరీ తోటలో ఆకు ముదిరి, పసుపెక్కి రాలిపోయింది. షెడ్డుకు తాళం పడింది.

మొదట మంజులత తన మీద కోపమనుకుంది. తను ఏమన్నదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తర్వాత ఊరంతా వైద్యం మొదలుపెట్టింది. యల్లక్క దిష్టి అంది. ఒకరు గ్యాస్ అన్నారు. ఇంకొకరు బెంగళూరు తీసుకుపోయి తలకు ఫోటో తీయించమన్నారు. గూళ్ళ బస్తాలు మార్కెట్టుకు తోలే ఇనాయతుల్లా తన బండిలో ఎక్కించుకొని పెనుకొండ బాబయ్య దర్గాకు తీసుకుపోయాడు. తిరుపాల్ అక్కడ తల వంచుకొని కూర్చొని, తిరిగి వచ్చి అరుగు మీద తల వంచుకొని కూర్చున్నాడు.

"దువా అయింది వదినా. ఇంక డాక్టరు కాడికి పోవాల. హిందూపురంలో సుధారాణి మేడమని ఉండాది, మా అక్క కొడుకును ఆయమ్మే బాగు చేసింది. రేపు పొద్దున్నే బండి తెస్తా" అన్నాడు ఇనాయతుల్లా.

"పిచ్చి డాక్టరా?" అంది యల్లక్క గోడ మీద నుంచి.

"కాదవ్వా, పళ్ళ డాక్టరు. నీకు కూడా ఒక సెట్టు తెస్తాలే" అన్నాడు ఇనాయతుల్లా.

డాక్టరు సుధారాణి చాలాసేపు అడిగింది, కొంచెం చెప్పింది. చెప్పింది మాత్రం రెండు సార్లు చెప్పింది.

"ఇది తలనొప్పి మాత్ర కాదమ్మా, గంటలో పని చేయడానికి. రోజూ పొద్దున తిన్న తర్వాత ఒకటి. రెండు మూడు వారాలు ఏమీ తెలియదు. మొదట్లో కడుపులో తిప్పొచ్చు, నిద్ర చెదరొచ్చు, గాబరా ఎక్కువ కావొచ్చు. అప్పుడు నాకు ఫోన్ చేయండి, మానకండి. ఒక రోజు మరచిపోతే మర్నాడు రెండు వేయకండి. తాగుడు వద్దు. నాటు మందైనా, నొప్పి మాత్రయినా, ఇంకేది వేసుకున్నా నాకు చెప్పాలి. ఇంక ముఖ్యమైన మాట. బాగైపోయాను అనిపిస్తుంది చూడండి, ఆ రోజు అస్సలు మానకండి. మానాల్సి వచ్చినప్పుడు నేనే మెల్లగా తగ్గిస్తాను."

తిరుపాల్ గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. మంజులత అన్నిటికీ తలూపింది.

రోజూ పొద్దున రాగిసంకటి తిన్నాక ఆమె అతని అరచేతిలో మాత్ర పెట్టేది, నీళ్ళ చెంబు ఇచ్చేది. మొదటి వారం అతనికి వికారం పెట్టింది. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత కూడా ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం తింటూ తింటూ తలెత్తి "ఏమ్మే, పప్పులో ఉప్పు యాల ఇంత తక్కువేసినావు?" అన్నాడు.

మంజులత పొయ్యి వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. మర్నాడు కావాలనే ఉప్పు తక్కువ వేసింది. అతను మళ్ళీ తిట్టాడు. ఆ వారమంతా ఆ ఇంట్లో పప్పు చప్పగానే ఉంది.

ఇంకొన్నాళ్ళకు అతనే తోటలో పాదులు చేశాడు, షెడ్డు కడిగాడు. "పురుగులు తెద్దామా?" అని అడిగాడు. ఆ మాట వినడానికే ఇంతకాలం ఊపిరి బిగపట్టుకొని ఉన్నట్టు అనిపించింది మంజులతకు. చిన్న పురుగుల్ని రెండో జ్వరం దాకా పెంచి అమ్మే కేంద్రం నుంచి ఇనాయతుల్లా బండిలో తెచ్చుకున్నారు. గడప ముందు సున్నం పడింది. తిరుపాల్ చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కొని లోపలికి పోయాడు. పొద్దున ఆమె మాత్ర ఇస్తే నోట్లో వేసుకొని, చెంబెత్తి తాగి, షెడ్డుకు పోయేవాడు. ఆమె ఇంకేం చూడాలి?

పురుగులు మూడో జ్వరం నుంచి లేచే సమయానికి అతను మళ్ళీ మారాడు. ఈసారి ముందులాగా లేదు. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకునేవాడు. తల తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు ఉంటోందనేవాడు. గిన్నె కింద పడితే అరిచేవాడు, అరిచినందుకు ఏడ్చేవాడు. నిద్రలో కేకలు. మందు పనిచేయడం మానేసిందనుకుంది మంజులత. ధర్మవరంలో ఉన్న తమ్ముడు శ్రీకాంత్‌కు ఫోన్ చేసి చెప్పుకుంది.

"మా వీధిలో ఒకాయన కూడా ఇట్లాంటివే మింగుతాండె అక్కా. మాత్ర మార్చినారంట, పాతవి ఉండాయి. అవి బలమైనవంట. పంపీమంటావా?"

"వద్దబ్బా. ఎవరి మాత్ర వాళ్ళదే."

"పోనీ ఆ మాత్రలే రెండు ఎయ్యి."

మర్నాడు రెండు వేద్దామనే అనుకుంది. చేతిలో రెండు మాత్రలు పెట్టుకొని కాసేపు నిలబడింది కూడా. డాక్టరు మాట గుర్తొచ్చి ఒకటి మళ్ళీ డబ్బాలో వేసింది. ఆ మధ్యాహ్నమే అతని చొక్కా ఉతుకుతుంటే జేబులో చేతికి ఏదో తగిలింది. తడిసి, కరిగి, తెల్లగా గుడ్డకు అంటుకుపోయిన మాత్రలు. ఒకటి కాదు.

ఆమె తడి చొక్కాతోనే షెడ్డు దగ్గరికి పోయింది. సున్నం దగ్గర ఆగిపోయింది.

"ఇదేంది?"

తిరుపాల్ ఆకు వేస్తూ చూశాడు. దాచడానికి ప్రయత్నించలేదు.

"నోట్లోనే పెట్టుకొని, గడప కాడ తీసి చేతులు కడుక్కుంటాండా."

"యాల?"

"మందు మే అది. ఒంట్లోకి పోయిన మందు ఊరికే ఉంటాదా? చెమటలో వస్తాది. చేతులు కడిగితే పోయేది కాదు. ఆకుకు తగుల్తాది, పురుగు నోటికి తగుల్తాది. గుంతలో పోసింది మరచిపోయినావా?"

"నీకు బాగలేకుండా పాయ కదప్పా. ఆ డాక్టరమ్మ చెప్పలేదా, మానద్దని?"

"బాగైనా కదా అని మానినా. గూడు కట్టినాక మల్ల మింగుతాలే."

"ఇప్పుడు బాగుండావా నువ్వు? తలలో కరెంటు కొడతాందని నిన్న ఏడ్చినావే!"

"అది వేరే" అని అతను వెనక్కి తిరిగి ఆకు వేశాడు.

తలనొప్పి మందుకే మేనమామను గెంటిన మనిషితో ఏమని వాదిస్తుంది? ఆమె అరిచింది, బతిమాలింది, పిల్లల మీద ఒట్టేసింది. పిల్లలు లేరన్న సంగతి ఇద్దరికీ తర్వాత గుర్తొచ్చింది. అయినా ఎవరికీ నవ్వు రాలేదు.

డాక్టరు ఫోనులో కోప్పడలేదు. ఎప్పటి నుంచి మానాడో, ఏమేం అవుతోందో అడిగింది.

"ఒక్కసారిగా మానేస్తే అట్లాగే ఉంటుందమ్మా. తల తిరగడం, కరెంటు కొట్టినట్టుండటం, చిరాకు, అన్నీ దానివే కావొచ్చు. కింద ఉన్న జబ్బు కూడా తిరిగి రావొచ్చు. రెండేసి మాత్రలు వేసి సరిచేయాలని చూడకండి. ఇప్పుడే తీసుకురాగలరా?"

"షెడ్డు వదిలి రానంటాండాడు మేడమ్."

"అయితే తక్కువతో మళ్ళీ మొదలుపెడదాం, సగం మాత్ర. తర్వాత ఎట్లా పెంచాలో నేను చెప్తాను. ఇంకొక సంగతి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. మీరు అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకండి, నాకు ఏ వేళైనా చేయండి, ఎట్లాగైనా తీసుకొచ్చేయండి. ఇంట్లో పురుగుల మందులూ అవీ ఉంటే ముందే తీసేయండి."

ఆ మాట అడగడానికి మంజులతకు సాయంత్రం దాకా పట్టింది. అతను షెడ్డు బయట ఆకు మోపు మీద కూర్చొని ఉన్నాడు. పక్కన కూర్చొని అడిగింది.

అతను కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు.

"ఇప్పుడేం లేదులే మే. పురుగులు ఉండాయి కదా."

మంజులత ఆ మాటను లోపల పదిసార్లు తిప్పి చూసుకుంది. ఏ వైపు నుంచి చూసినా అది ఒకటే చెప్పింది. పురుగులు ఉన్నంత వరకు. అప్పటిదాకా త్వరగా గూళ్ళు కట్టేస్తే బాగుండు, మళ్ళీ మాత్ర మింగుతాడు అని ఎదురుచూసిన మనిషికి, ఇప్పుడు పురుగులు నమిలే ప్రతి ఆకూ భయం పుట్టించింది. అవి పెరగకుండా ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. నాలుగో జ్వరం నుంచి లేచాయి, వానలాగా తింటున్నాయి.

డాక్టరుకు మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట చెప్పింది. రేపే తీసుకొచ్చేయమంది డాక్టరు. తెల్లారి ఇనాయతుల్లా బండి తెచ్చాడు. తిరుపాల్ షెడ్డు గుంజ పట్టుకొని, "నన్ను ఎత్తుకొని పోతారా? పోండి, పురుగులన్నీ చస్తాయి, అప్పుడు చూస్తురు" అన్నాడు. అతని గొంతు విని ఇద్దరూ వెనక్కి తగ్గారు. రానంటున్నాడని ఫోన్ చేస్తే, అయితే రేయింబగళ్ళు పక్కనే ఉండండి, సగం మాత్ర ఎట్లాగైనా మింగించండి అంది డాక్టరు. ఇనాయతుల్లా ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ బండిలో వేసుకున్నాడు.

"మా ఇంట్లో తాళం వేసి పెడతా వదినా. అన్నను నేను చూసుకుంటా ఉంటా, నువ్వు కాస్త తిను."

"ఏం తినమంటావబ్బా?"

"సంకటి తిను. నువ్వు పడిపోతే మీ ఇద్దరినీ మోసుకుపోయేంత బండి కాదు నాది."

ఆ రోజు ఇనాయతుల్లా ఒక పక్క, ఆమె ఒక పక్క తిరుపాల్‌ను వదలకుండా తిరిగారు. మధ్యాహ్నం ఆమె చేట తెచ్చింది. షెడ్డులోకి పోయి గుప్పెడు పురుగుల్ని తీసి అందులో వేసింది. తిరుపాల్ చూస్తున్నాడు. సగం మాత్ర తీసి, అతను చూస్తుండగా తన రెండు అరచేతుల మధ్య పెట్టి నూరి, ఆ చేతులతోనే ఆకు పట్టుకొని వాటికి వేసింది.

"ఏం చేస్తాండావే?"

"అనుమానం వచ్చిన ఆకుకు నువ్వు చేసేదే చేస్తాండా."

సాయంత్రానికి అవి ఆకు ఈనెలు మిగిల్చాయి. తెల్లారి కూడా తెల్లగా, నిండుగా తింటూ ఉన్నాయి. తిరుపాల్ వంగి ఒక్కొక్కదాన్నీ చూశాడు. చేత్తో తిప్పి చూశాడు.

"ఇది చేతికి పూసుకున్న మందు. ఒంట్లోంచి వచ్చేది వేరే" అన్నాడు.

ఆమెకు ఆ చేట అతని నెత్తిన బోర్లించాలనిపించింది. "అయితే నువ్వు మింగు" అంది. "మింగి, ఈ చేటలో పురుగులకు నువ్వే ఆకు పెట్టు. మిగతా వాటిని నేను మేపుతా, ఇనాయతుల్లా ఆకు కోస్తాడు. ఇవి చస్తే నేను ఇంక మాట్లాడను."

తిరుపాల్ పద్ధతి అతని మీదికే వచ్చింది. ఆమె చేతిలోని సగం మాత్రను చాలాసేపు చూశాడు. తన కోసమైతే మింగేవాడు కాదేమో. ఆకును పరీక్షించాలంటే మాత్రం ఏనాడూ కాదనలేదు. మింగాడు. నోరు తెరిచి చూపించమంది. చూపించాడు. నాలుక ఎత్తమంది. ఎత్తాడు.

"పశువును కొనేటప్పుడు కూడా ఇంత చూడరు" అన్నాడు.

"పశువు జేబులో దాచిపెట్టదు" అంది ఆమె.

చేటలో పురుగులు చావలేదు. మర్నాడూ చావలేదు. "గూడు పలచగా కడతాయేమో, అది కూడా చూడాల" అన్నాడు తిరుపాల్. చూద్దాం, మింగు అంది ఆమె. డాక్టరు చెప్పినప్పుడు సగం కాస్తా ఒకటైంది. కరెంటు కొట్టడం తగ్గింది. అంతకు మించి ఏమీ మారలేదు. అతను చేట ముందు కూర్చునేవాడు, ఆకు పెట్టేవాడు, శూన్యంలోకి చూసేవాడు. ఉప్పు గురించి మాట్లాడలేదు. ఆమె ఒక రోజు కూరలో ఉప్పే వేయలేదు. అతను తినేసి లేచిపోయాడు.

పురుగులు పండి, ఒళ్ళు పసుపు తిరిగి, గూళ్ళు కట్టడానికి సిద్ధమయ్యాయి. మంజులత, ఇనాయతుల్లా, సాయానికి వచ్చిన యల్లక్క వాటిని ఏరి, గూళ్ళు కట్టే చంద్రికల మీద పరిచారు. షెడ్డులో నమిలే చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం మొదలైన దగ్గర నుంచి మంజులత మొగుణ్ణి ఒక్క అడుగు దూరం కూడా పోనివ్వలేదు. దొడ్డికి పోతే తలుపు బయట నిలబడింది.

"యాడికి పోతానని అనుకుంటాండావు?" అన్నాడు ఒకసారి విసుగ్గా.

ఆమె అతని వెనకే నడిచింది.

చేటలోని పురుగులు కూడా గూళ్ళు కట్టాయి. అతను వాటిని చెవి దగ్గర ఆడించి చూశాడు, వేళ్ళతో నొక్కి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. ఇంక చూడాల్సిన పరీక్ష ఏదీ మిగల్లేదు. రేపు ఏ వంక పెట్టి మింగించాలో ఆమెకు తోచలేదు.

బస్తాలు బండికి ఎత్తిన రోజు, వాటితో పాటు తిరుపాల్‌ను కూడా ముందు సీట్లో కూర్చోబెట్టుకుంది. అతను ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడంతో ఆమెకు ఇంకా భయం వేసింది. హిందూపురంలో ఇనాయతుల్లా వాళ్ళను ఆసుపత్రి ముందు దించి, గూళ్ళతో మార్కెట్టుకు పోయాడు.

డాక్టరు గదిలో మంజులత దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పడం మొదలుపెట్టింది. చెమట సంగతి, చేట సంగతి, జేబు సంగతి, అన్నం సంగతి. డాక్టరు విని, తిరుపాల్ వైపు తిరిగింది.

"మీరు చెప్పండి తిరుపాల్ గారూ. మీకు ఎట్లా ఉంది?"

తిరుపాల్ డాక్టరును చూశాడు. తర్వాత పెళ్ళాన్ని చూశాడు. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలోకి నేరుగా చూశాడు.

"నువ్వు బయట కూర్చో పో" అన్నాడు.

"నేనుంటా. ఏం చెప్పినా..."

"పో మే. నువ్వుంటే చెప్పలేను."

ఆమె డాక్టరు వైపు చూసింది. డాక్టరు తలూపింది. మంజులత బయటికి వచ్చి తలుపు పక్కన బల్ల మీద కూర్చుంది. తలుపు మూసుకుంది. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత తిరుపాల్ గొంతు మెల్లగా మొదలైంది. మాటలు తెలియడం లేదు. ఆమె బల్ల మీద జరిగి తలుపుకు దగ్గరగా కూర్చుంది. అయినా తెలియలేదు. గొంతు ఒకసారి ఆగింది, ఆమె లేవబోయింది. మళ్ళీ మొదలైంది.

ఇనాయతుల్లా మెట్లెక్కి వచ్చాడు. మార్కెట్టు సంగతి చెప్పబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అన్న యాడ?" అన్నాడు గొంతు తగ్గించి.

"లోపల."

"ఏం చెప్తాండాడు?"

"తెల్దు" అంది మంజులత. "మాట్లాడతాండాడు. నన్ను బయటికి పొమ్మన్యాడు."

ఇనాయతుల్లా పక్కన కూర్చున్నాడు. లోపల గొంతు ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకొని, మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది.